పూసల డబ్బా

మా ఇంటి ముందుగదిలో, సంఘపు రిజిస్టర్లు పెట్టుకొనే బల్లమీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉన్నది. రంగు చాలావరకు రాలిపోయింది. మూత ఒకపక్క సొట్టపడింది. బాప్తిస్మపు పత్రము కొరకో, పెండ్లి ప్రకటన వ్రాయించుకొనుటకో వచ్చినవారు దాన్ని చూచి, "ఇందులో ఏముందయ్యగారూ?" అని అడుగుతుంటారు. మూత తీసి చూపిస్తాము. ఒక చిన్న పట్టుకారు, రెండు సన్నని సూదులు, ఒక నైలాను దారపు ఉండ, గుప్పెడు గాజుపూసలు. "పాస్టరుగారి బల్లమీద పూసలేమిటి?" అని కొందరు నవ్వుతారు. కొందరు నవ్వరు. మనసులో ఏదో అనుకొని ఊరుకొంటారు.

ఆ డబ్బా సంగతి చెప్పాలంటే మా తప్పు ఒకటి చెప్పుకోవలసి వస్తుంది. అందుకే ఇన్నాళ్ళు వ్రాయలేదు.

2017వ సంవత్సరములో మేము రేణిగుంటకు, శ్రీకాళహస్తికి నడుమనున్న ఒక పల్లె సంఘములో పరిచర్య చేస్తూ ఉన్నాము. ఈ ప్రాంతమువారికి తెలుసు, మాకు పెద్దవానలు దీపావళికి అటూ ఇటూగా వస్తాయి. నవంబరు నెలలో ఒక మధ్యాహ్నము అటువంటి వానే పట్టుకొన్నది. గుడి వరండాలోనికి ఒక స్త్రీ పరుగెత్తుకొని వచ్చి నిలబడింది. వయస్సు యాభై దాటి ఉంటుంది. నెత్తిన మూట, చేతిలో ఆరేండ్ల మనుమడు. మేము గొడుగు పట్టుకొని అటు నడుస్తుండగానే, మేము ఏమియు అనకముందే, "వాన నిలిస్తే పోతాము సామీ" అన్నది.

ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. ఎన్ని అరుగులమీద నుండి పొమ్మంటే ఒక మనిషికి ఆ మాట ముందుగా నోటికి వస్తుంది?

మా సతీమణి ఇద్దరికీ టీ తెచ్చింది. ఆమె మూట విప్పి చూచుకొన్నది. లోపలంతా తడిసిపోయింది. పాత నూలుదారముతో గుచ్చిన దండలు తడికి పుటుక్కుమని తెగి పూసలు వరండా అంతటా దొర్లినవి. మా అమ్మాయి అప్పుడు ఏడవ తరగతి. పరుగున వచ్చి మోకాళ్ళమీద కూర్చుండి ఏరుట మొదలుపెట్టింది. చూస్తూ నిలబడటానికి మాకు సిగ్గువేసి మేమును కూర్చున్నాము. కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించుకొని, ఎరుపు ఒక తట్టలో, పచ్చ ఒక తట్టలో, నలుపు ఒక తట్టలో వేరుచేసేసరికి రాత్రి ఎనిమిదయింది. ఆ రాత్రి వారిద్దరూ వరండాలోనే పడుకొన్నారు. తెల్లవారి మా సంఘపెద్ద ఒకరు వచ్చి, "అయ్యగారూ, చందాపెట్టె లోపలే ఉందా?" అని మెల్లగా అడిగినారు. ఉన్నదని చెప్పాము. పూసలు కూడ ఒక్కటి తగ్గకుండా ఉన్నవని చెప్పాము.

ఆమె జాతివారిని మన ఊళ్ళలో నక్కలవారు అంటారు. తమిళనాట నరికురవలని పేరు. వారు ఇంట మాట్లాడుకొనేది వాగ్రిబోలీ. అది తెలుగుకూ తమిళానికీ చెందినది కాదు, గుజరాతీకి దగ్గరి చుట్టము. మునుపు పిట్టలనూ, చిన్న జంతువులనూ పట్టి బ్రతికేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత వేటాడుట నేరమయింది. పూసలు, సూదులు, పిన్నీసులు అమ్ముకొనుటయే చాలామందికి బ్రతుకుతెరువుగా మిగిలింది. మన రాష్ట్రములో 2003లో వారిని షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. తమిళనాడులో అది 2023 వరకు జరుగలేదు. చట్టములో చోటు దొరికి పదునాలుగేండ్లయిన తరువాత కూడ ఆమె మా వరండాలో నిలబడి "వాన నిలిస్తే పోతాము" అన్నది.

ఆ నాటి నుండి పదిహేను రోజులకొకసారి ఆమె మా ఊరి మీదుగా వచ్చినప్పుడు మా ఇంట ఆగేది. మా సతీమణి ఆమెను "అక్కా" అని పిలిచేది. ఆమె మా సతీమణిని "తల్లీ" అనేది. మమ్మును మాత్రము "సామీ" అనే అనేది. "మేము సాములము కాదు, సేవకులము" అని ఒకసారి చెప్పాము. "ఏదో ఒగటిలే సామీ" అన్నది.

మా అమ్మాయికి ఆమె మొదట దండ గుచ్చుట నేర్పింది. తరువాత మా సతీమణికి. చివరకు మాకును చేతిలో సూది పెట్టింది. బయటికి చూస్తే సులభముగా కనబడుతుంది గాని, చేయబోతే తెలుస్తుంది. పూసలను పళ్ళెములో పోయకూడదు, పళ్ళెములో గుడ్డ పరచి పోయాలి, అప్పుడు దొర్లవు. ప్రతి పూసను వ్రేళ్ళమధ్య తిప్పి చూడాలి. రంధ్రము అంచు విరిగి పదునుగా ఉన్న పూస దారాన్ని లోలోపల కోస్తుంది, పదిరోజులకు దండ తెగుతుంది, కొన్నవారు తిట్టుకొంటారు. అటువంటిదాన్ని పక్కన పడవేయాలి. దారము రెండు పేటలుగా తీసుకోవాలి. సూది లేనప్పుడు దారపు కొసకు కొవ్వొత్తి మైనము రాచి గట్టిచేసుకొంటే అదే సూది. కొక్కెము దగ్గర చిన్న పూస వేసి ముడివేయాలి, ముడి ఆ పూస రంధ్రములోనికి పోయి దాగాలి. తీగతో చేసే గొలుసులకైతే పట్టుకారుతో తీగకొసను గుండ్రముగా వంచి, ఒక గుండ్రములో ఇంకొక గుండ్రమును తగిలించుకొంటూ పోవాలి. ఎన్ని పూసలకు ఒక రంగు మార్చాలో ఆమె లెక్కపెట్టేది కాదు. బెత్తెడు, రెండు వ్రేళ్ళు అని చేతితో కొలిచేది. ఆమె కొలత ఎన్నడూ తప్పేది కాదు.

మా ముడి మాత్రము ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. లాగి చూచి, "వదులు సామీ, వదులు" అని విప్పేసేది.

ఒకసారి ఆమె మమ్మును పాపానాయుడుపేటకు తీసుకొనిపోయింది. ఏర్పేడు మండలములోని ఊరది. అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లా అయింది. మా ఇంటికి అంత దగ్గరలో ఉండియు, అక్కడ పుట్టిన పూసలు లోకమంతా తిరిగినవని మాకు తెలియదు. తన తల్లి కాలములో పూసలు అక్కడి నుండే తెచ్చుకొనేవారమని ఆమె చెప్పింది.

ఆ పని చూచి తీరవలసినది. కరిగిన గాజును పొడవైన ఒక ఇనుపగొట్టము కొసకు పెద్ద ముద్దగా పట్టిస్తారు. ముద్దను దొర్లించి మొనదేల్చి, దాని నడుమ గుండా ఇనుపకడ్డీతో రంధ్రము చేస్తారు. తరువాత దాన్ని కొలిమిలో ఉంచగా, అవతలిపక్క కూర్చున్న పనివాడు కొక్కెముతో గాజు కొసను అందుకొని, రెండుచేతులతో లాగుతూనే ఉంటాడు. ముద్దలోని రంధ్రము కూడ గాజుతోపాటు సాగుతుంది. అట్లు సన్నని గాజుగొట్టము వస్తుంది. కొలిమి ముందు ఆ వేడిమికి మేము నిలువలేక వెనుకకు జరిగినాము. చల్లారిన గొట్టాలను గుప్పెళ్ళుగా పట్టుకొని, నిలువుగా పాతిన కత్తిమీద పెట్టి ముక్కలు కొడతారు. ఆ ముక్కలకు అంచులు పదునుగా ఉంటాయి. వాటిని బూడిదలో కలిపి మరల వేడిచేస్తే అంచులు కరిగి గుండ్రనవుతాయి. బూడిద రంధ్రములలో నిండి ఉంటుంది గనుక అవి మూసికొనిపోవు. ఆపైన జల్లించి, కడిగి, రంగులవారీగా వేరుచేస్తారు.

ఈ పద్ధతి రెండువేల ఏండ్లకు పైబడినది. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు త్రవ్వకాలలో ఇటువంటి సాగదీసిన గాజుపూసలు బయటపడినవి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పరిశోధకుడు పాపానాయుడుపేట పనివారిని చూచి, ఆ పాత పూసలు ఎట్లు చేసి ఉంటారో గ్రహించి వ్రాసినాడు. తూర్పు ఆఫ్రికా తీరము నుండి జపాను, కొరియాల వరకు త్రవ్వినచోటల్లా ఇదే తీరు పూసలు దొరికినవట. ఆ సంగతి మేము ఆమెకు చెప్తే చాలాసేపు నవ్వింది. "పూసలు ఓడెక్కి పోయినాయి. మేము మాత్రము నడిచే తిరుగుతా ఉండాము సామీ" అన్నది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నగలను గూర్చి మేము చాలా ప్రసంగాలు చేసి ఉన్నాము. పేతురు తన మొదటి పత్రికలో స్త్రీల అలంకారమును గూర్చి వ్రాసిన భాగము మాకు బాగా అలవాటైన పాఠము. ఆమెకు ఎవరు చెప్పారో, ఒకనాడు సూదిలోనికి దారము ఎక్కిస్తూ, "సామీ, మీ దేవునికి పూసలంటే కోపమా?" అని అడిగింది. మేము తడబడినాము. కొంతసేపటికి, నిర్గమకాండములో యాజకుని రొమ్మున పండ్రెండు రాళ్ళు పొదిగిన పతకము ఉండేదని, ఒక్కొక్క రాతిమీద ఒక్కొక్క గోత్రము పేరు చెక్కించినారని చెప్పాము. చిన్న గోత్రమని ఎవరినీ విడిచిపెట్టలేదని చెప్పాము. "అయితే కోపము లేదు" అన్నది. అప్పుడు మాకు తోచింది, పేతురు రాళ్ళనూ పూసలనూ తప్పుపట్టలేదు. వాటితో ఒకరికంటె ఒకరము ఎక్కువని చూపుకొనుటను తప్పుపట్టాడు. ముప్పై రూపాయల పూసలదండతో ఎవరు ఎవరికంటె ఎక్కువవుతారు? మన సంఘాలలో గర్వము తులాల లెక్కన వస్తుందిగాని పూసల లెక్కన రాదు.

ఇక మా తప్పు సంగతి.

2018 చివరలో కోతపండుగకు ఏదైనా క్రొత్తగా చేయాలని స్త్రీల సమాజమువారు తలంచినారు. గుడిలో పరచుకొనుటకు చాపలు కొనాలని వారి ఆశ. పూసలదండలు చేసి అమ్ముదామని మా సతీమణి అన్నది. ఆమెను అడిగితే వెంటనే ఒప్పుకొన్నది. ఆరు బుధవారాలు వచ్చి, పదునలుగురు స్త్రీలకు గుడి వరండాలో కూర్చుండి నేర్పింది. తప్పుచేసినవారిని కసరలేదు. చేయి పట్టుకొని నేర్పింది. మేము ఆమెకు ప్రతి బుధవారము టీ ఇచ్చాము, అన్నము పెట్టాము, చివరి రోజున ఒక చీర పెట్టాము. మాకు అది ఎంతో ప్రేమగా అనిపించింది. బడిలో చదువు చెప్పే టీచరుకు జీతమిస్తారు. ఈమెకు ఆరుదినాలు అమ్మకము పోయిందని మాలో ఒక్కరికిని తోచలేదు.

2019 జనవరిలో కోతపండుగ బాగా జరిగింది. గుమ్మడికాయలు, కోళ్ళు, చెరకుగడల వేలము పక్కనే పూసలబల్ల పెట్టాము. దండ ఇరవై రూపాయలు. మధ్యాహ్నము కూటము ముగిసేసరికి బల్ల ఖాళీ అయింది. చాపలు వచ్చినవి. మేము ప్రసంగవేదికమీద నుండి స్త్రీల సమాజమును మెచ్చుకొన్నాము. నేర్పినామె పేరు ఎత్తినామా అంటే, లేదు.

అమ్మకము రుచి తెలిసిన తరువాత నలుగురు స్త్రీలు పని మానలేదు. సంతలో కూర్చున్నారు. బడిపిల్లలకు అమ్మినారు. రేణిగుంట వెళ్ళి బస్సులు ఆగేచోట అమ్మినారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నవని సంతోషించినారు. మేమును సంతోషించాము. ఆ నెలలో ఆమె మా ఇంటికి రాలేదు. మరునెలలోను రాలేదు. జబ్బు చేసిందేమో అనుకొన్నాము.

మార్చి నెలలో ఒక పనిమీద తిరుపతికి పోయినప్పుడు, బస్టాండు బయట గోనెపట్ట పరచుకొని కూర్చున్న ఆమెను చూచాము. మమ్మును చూచి లేచి నిలబడింది. ఎందుకు రావటము లేదక్కా అని మా సతీమణి అడిగింది. మొదట ఏమీ లేదన్నది. మరల అడిగితే చెప్పింది. కోపముగా చెప్పలేదు, లెక్క చెప్పినట్లు చెప్పింది.

"మీ ఊరి పక్క నేను నలబైకి అమ్మేది తల్లీ. పూసలకు పదైదు, దారానికి కొక్కేనికి రెండు. మిగిలిందాంట్లో బస్సుచార్జి, బియ్యము. ఇప్పుడు మీవాళ్ళు ఇరవైకి ఇస్తా ఉండారు. నా దగ్గర యాపొద్దూ కొనే ఆడోళ్ళు కూడా 'నువ్వు ఇన్నాళ్ళు మమ్మల్ని మోసము చేసినావు గదే' అన్నారు. ఇంక ఆ పక్క ఎట్ల వచ్చేది?"

మాకు నోట మాట రాలేదు. ఇరవై రూపాయల ధర పెట్టినది మేమే. పూసలకు పదిహేను, దారానికి రెండు పోగా మూడు మిగిలితే చాలునని, మన చేతిపని దేవునికే గదా అని లెక్కవేసినాము. మన పని ఉచితమని మనము అనుకొంటే, ఆ పనిమీదనే బ్రతికే మనిషి పనికూడ ఉచితమైపోతుందని మాకు తట్టలేదు. మాకు అది పండుగ ఖర్చు. ఆమెకు అది రాత్రికి పొయ్యిమీద కుండ. పైగా మా ఊరిలో ఆమెకు మోసగత్తె అనే పేరు మేమే తెచ్చిపెట్టాము.

ఇంటికి వచ్చే దారిలో మేమిద్దరము మాట్లాడుకోలేదు.

తరువాతి బుధవారము స్త్రీల సమాజములో ఈ సంగతి చెప్పాము. చెప్పినంత మాత్రాన అందరూ తల ఊపలేదు. కూలికి పోయే ఒక విధవరాలు లేచి గట్టిగానే అడిగింది: "అయ్యగారూ, నాకు మాత్రము ఏముంది? చెనక్కాయలు ఒలిచేదానికి పోతే అది కూడా నాలుగు నెలలే. పూసలు అంగట్లో దొరుకుతాయి, ఎవురైనా కొనుక్కోవచ్చు, ఎవురైనా గుచ్చుకోవచ్చు. విద్య ఆమె ఒక్కదాని సొత్తా?"

ఆ ప్రశ్నలో న్యాయము ఉన్నది. ఆమెకు ఇద్దరు పిల్లలు. మా దగ్గర సిద్ధముగా జవాబు లేదు. వాక్యము చూపి ఆ నోరు మూయించడము సులభము, మేము ఆ పని చేయలేదు. అందరమును కొంతసేపు ఊరకున్నాము. అప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలమ్మ మాట్లాడింది. ఆమెకు రెండు ఆవులు. తెల్లవారి పాలకేంద్రములో పాలు పోయనిదే ఆమెకు రోజు గడవదు.

"పక్క ఊర్లో ఉండేవాళ్ళు, 'మాకు గడ్డి ఊరికే వస్తుంది' అని సగము ధరకే పాలు పోసినారనుకోండి. మన పాలకు ధర ఉంటుందామ్మా? వాళ్ళు పోయొద్దనలేము. కానీ మనకు ఆవును మేపేది నేర్పించినోళ్ళ ఇంటి ముందరే పోస్తామా?"

చిత్తూరు జిల్లా పల్లెలలో పాలధర తెలియని ఇల్లు ఉండదు. నేను అడిగితినా నీవు అడిగితివా అనే వాదన అంతటితో ఆగింది. ఆ సాయంకాలము అందరము కలిసి కొన్ని తీర్మానాలు చేసుకొన్నాము. దండ ధర ఆమె ధరకు తగ్గకూడదు. ఆమె కూర్చునే సంతలో, బస్సుల దగ్గర మనము కూర్చోకూడదు, మన అమ్మకము సంఘపు పండుగలలోనే. పూసలు ఆమె ద్వారానే కొనాలి, ఆమెకు రావలసిన లాభము ఆమెకు రావాలి. ఆరు బుధవారాలు నేర్పినందుకు దినానికి మూడువందల చొప్పున రూ. 1,800 ఇవ్వాలి. చాపలు అప్పటికే కొనివేసినాము గనుక ఆ డబ్బు సమాజములో లేదు. తలా కొంత వేసుకొన్నాము.

ఆ డబ్బు తీసుకొని మేము తిరుపతికి పోయినాము. ఆమె వద్దంటుందేమో, బ్రతిమాలవలసి వస్తుందేమో అనుకొన్నాము. నిజము చెప్పాలంటే, వద్దంటే బాగుండునని కూడ లోపల ఒక మూల ఉన్నదేమో. ఆమె వద్దనలేదు. నోట్లు తీసుకొని రెండుసార్లు లెక్కపెట్టింది. రొంటిలో దోపుకొన్నది. "సరిపోయింది" అన్నది. ఆ మాటతో మా గుండెలమీద రాయి దిగింది. వద్దని ఉంటే మేము మరల ఆమెకు ఋణపడి ఉండేవారము, పైగా మేము ఉదారులమని అనుకొంటూ ఉండేవారము.

ఆ వేసవిలో ఆమె మరల మా ఊరికి వచ్చింది. సమాజములో ఆమెను అందరి ముందు నిలబెట్టి, ధర మేమే తప్పు పెట్టితిమని, ఆమె ఎవరినీ మోసము చేయలేదని చెప్పాము. వాదించిన విధవరాలికి ఆమె తానే ఒక దారి చూపింది. పూసలు, దారము ఇచ్చి, దండకు ఎనిమిది రూపాయల చొప్పున రాత్రిపూట ఇంట గుచ్చమన్నది. తిరుపతిలో యాత్రికుల రద్దీ ఉన్న నెలలలో ఆమెకు చేతులు చాలేవి కావు. కొన్ని నెలలు ఆ పని బాగా సాగింది. వారిద్దరూ ఇప్పటికీ ఒకరినొకరు గదమాయించుకొంటూనే ఉంటారు.

తరువాతి సంవత్సరము కరోనా వచ్చింది. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేశారు. తరువాత దేశమంతా లాక్‌డౌను. జూన్ రెండవ వారము వరకు కొండమీదికి యాత్రికులు లేరు, తరువాత కూడ చాలాకాలము కొద్దిమందే. యాత్రికులు రాని తిరుపతిలో పూసలు ఎవరు కొంటారు? మా సంఘములోనివారికి రేషను బియ్యము ఉన్నది, చేలలో ఏదో ఒక పని ఉన్నది, ఆవు ఉన్నది. ఆమెకు ఆ గోనెపట్ట తప్ప మరొకటి లేదు.

బస్సులు తిరుగుట మొదలైన తరువాత, జూన్ నెలలో ఒక ఉదయము ఆమె మా గేటు బయట నిలబడి పిలిచింది. చాలా చిక్కిపోయింది. చంకలో ఈ బిస్కెట్ల డబ్బా. మూత తీసి చూపించింది. లోపల మంచిపూసలన్నీ ఏరి పెట్టింది, గాజువి, పగడపు రంగువి, తీగచుట్టలు, తన పట్టుకారు కూడ.

"ఇది పెట్టుకొని రెండువేలు ఇయ్యి సామీ. మళ్ళా ఇచ్చి తీసుకుంటా" అన్నది.

డబ్బు ఇస్తాము గాని డబ్బా వద్దన్నాము. తాకట్టు పెట్టుకొనుటకు మేము వడ్డీవ్యాపారులమా అన్నాము. ఆమె తల అడ్డముగా ఊపింది.

"ఊరికే ఇస్తే నేను మళ్ళా నీ ఇంటికి రాలేను సామీ."

అప్పుడు డబ్బా తీసుకొన్నాము. మా సతీమణి బియ్యము, పప్పు కట్టి ఇస్తే మాత్రము తీసుకొన్నది. "ఇది తల్లి ఇచ్చింది. అది వేరే లెక్క" అన్నది. ఆ రెండింటికి నడుమ భేదము ఆమెకు అంత స్పష్టముగా తెలుసు. ఇరవై ఏండ్లకు దగ్గరగా దానధర్మములను గూర్చి ప్రసంగించిన మాకు అంత స్పష్టముగా తెలియదు.

తాకట్టు పెట్టిన పట్టుకారు ఆమె పనిముట్టు గనుక అది తిరిగి ఇచ్చివేయాలని మాకు ధర్మశాస్త్రములోని తిరుగటి సంగతి జ్ఞాపకము వచ్చింది. తిరుగటిరాతిని తాకట్టు పట్టకూడదని మోషే ఆజ్ఞ. అది తీసుకొంటే ఆ మనిషి బ్రతుకునే తీసుకొన్నట్లు. అదే ఆమెకు చెప్పి పట్టుకారు చేతిలో పెట్టాము. "మీ దేవునికి పనిపాటలు బాగా తెలుసు సామీ" అన్నది. మాకు అంతకంటె మంచి ప్రసంగము ఎవరూ చెప్పలేదు.

ఒక సంవత్సరమున్నర పట్టింది. నూరు, రెండునూర్లు, ఒకసారి ఏబది. వచ్చినప్పుడల్లా మా రిజిస్టరు వెనుక పుటలో వ్రాయించి, ఎంత మిగిలినదో చదివించుకొనేది. ఆఖరి నూరు రూపాయలు ఇచ్చిననాడు డబ్బా మూత తీసి, పూసలన్నీ తన సంచిలో పోసుకొన్నది. గుప్పెడు పూసలు అడుగున విడిచిపెట్టింది. సంచిలో నుండి పాత పట్టుకారొకటి, సూదులు తీసి వాటిపక్కన పెట్టింది. తాను అప్పటికి క్రొత్తది కొనుక్కొన్నది.

"ఇది నాది. నేను నీకు ఇస్తా ఉండేది" అన్నది. మేము తీసుకొన్నాము. ధర అడుగలేదు. అది వేరే లెక్క అని అప్పటికి మాకును తెలిసింది.

ప్రియమైన పాఠకులారా, మన ఇండ్లలో మనకు పని నేర్పినవారు చాలామంది ఉంటారు. చాప అల్లుట నేర్పినవారు, బుట్ట కట్టుట నేర్పినవారు, పురుడు పోయుట నేర్పిన ముసలమ్మలు, కుట్టుమిషను మీద చేయి పట్టి దిద్దినవారు. వారిని మనము అక్కా, అవ్వా అని ప్రేమగా పిలుస్తాము. ఒక పూట అన్నము పెడతాము. మంచిదే. అయితే వారి పనికి కూలి ఎంత, వారి వస్తువుకు ధర ఎంత, మనము చేసే మేలు వారి కడుపుమీద ఎక్కడైనా తగులుతున్నదా అని ఒకసారి కూర్చుండి లెక్క చూచుకొందాము. కోతపండుగకు, క్రిస్మసు అమ్మకాలకు, సంఘపు నిధులకు బల్లలు పెట్టేటప్పుడు మరీ చూచుకొందాము. స్నేహితుల మధ్య లెక్కలేమిటి అని అంటారు. లెక్క సరిగా లేకనే ఒక స్నేహితురాలిని మేము రెండు నెలలు పోగొట్టుకొన్నాము.

పోయిన కోతపండుగకు ఆమె మనుమడితో కూడ వచ్చింది. వాడు ఇప్పుడు ఆమెకంటె పొడవు. పూసలబల్ల దగ్గర స్త్రీల సమాజముతో కలిసి కూర్చున్నది. దండ యాభై రూపాయలు, ఆమెదీ అదే, మాదీ అదే. మేము గుచ్చిన దండ ఒకటి బల్లమీద ఉంటే తీసి, కొక్కెము దగ్గర లాగి చూచింది.

"సామీ, ముడి ఇంకా వదులే" అని విప్పి, మరల మా చేతిలో పెట్టింది.